కేసు ఏ మెట్టెక్కితే మంత్రి కుర్చీ దిగాలి?

22.86 శాతం. పశ్చిమ ప్రకాశం నుంచి ఎదిగి రాష్ట్ర మంత్రి అయిన ఒక నాయకుడి మీద కేసు ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది. ఆదిమూలపు సురేష్, ఆదాయపు పన్ను శాఖలో ఉన్నతాధికారి అయిన ఆయన భార్య 2010 ఏప్రిల్ 1 నుంచి 2016 ఫిబ్రవరి 29 దాకా సంపాదించింది ఎంత, ఖర్చు పెట్టింది ఎంత, చివరికి చేతిలో తేలిన ఆస్తి ఎంత అని సీబీఐ లెక్క కట్టింది. ఆదాయానికి మించి రూ.1.10 కోట్ల పైచిలుకు కనబడుతోందనీ, అది వాళ్ల మొత్తం ఆదాయంలో 22.86 శాతమనీ చెబుతూ 2017 సెప్టెంబరులో ఇద్దరి మీదా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసింది.

ఆ తర్వాతి తేదీలు చూడండి. 2019 ఎన్నికల్లో సురేష్ యర్రగొండపాలెంలో 31 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. జూన్ 8న విద్యాశాఖ మంత్రిగా ప్రమాణం చేశారు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు ఆ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది. ముందుగా ప్రాథమిక విచారణ జరపకపోవడం దంపతుల తరఫు ప్రధాన వాదన. అదే ఏడాది అక్టోబరు 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. ప్రాథమిక విచారణ మంచిదే గానీ తప్పనిసరి కాదని చెప్పి, దర్యాప్తు కొనసాగించుకోమంది. ఆరు నెలలు తిరిగేసరికి, 2022 ఏప్రిల్‌లో, ముఖ్యమంత్రి జగన్ మంత్రులందరి చేతా రాజీనామాలు రాయించుకుని మంత్రివర్గాన్ని కొత్తగా కూర్చారు. పాతవాళ్లలో మళ్లీ చోటు దక్కింది 11 మందికి. వారిలో సురేష్ ఒకరు. ఈసారి పురపాలక శాఖ.

ఇందులో చట్టాన్ని మీరిన పని ఒక్కటి కూడా లేదు. సుప్రీంకోర్టు ఆయన తప్పు చేశారని అనలేదు. దర్యాప్తును ఆపకూడదని మాత్రమే అంది. ఆరోపణ ఆరోపణే. కానీ మార్కాపురం బస్టాండులో టీ తాగుతూ ఎవరైనా అడగదగ్గ ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. సీబీఐ కేసులో నిందితుడిగా ఉన్న వ్యక్తి బడిపిల్లల శాఖకు మంత్రిగా ఉండొచ్చా? ఉండకూడదంటే, కేసు ఎంత దూరం వచ్చాక ఉండకూడదు?

ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దిగిపోవాలి అనడానికి గొంతుంటే చాలు. ఎప్పుడు దిగాలో చెప్పడానికి లెక్క కావాలి.

చట్టం ఎక్కడ మేలుకుంటుంది

క్రిమినల్ కేసు మెట్లు మెట్లుగా నడుస్తుంది. ముందు ఎఫ్‌ఐఆర్. తర్వాత అరెస్టు జరగొచ్చు, జరగకపోవచ్చు. దర్యాప్తు ముగిస్తే ఛార్జిషీటు. దాన్ని జడ్జి చదివి, ఇరుపక్షాల వాదన విని, విచారణకు తగిన సరుకు ఉందనుకుంటే అభియోగాలు నమోదు చేస్తారు. ఆ పైన సాక్షులు, వాదనలు, తీర్పు. తీర్పులో శిక్ష.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ఈ మెట్లలో చిట్టచివరి దాని దగ్గర మేలుకుంటుంది. కొన్ని ప్రత్యేక నేరాలను మినహాయిస్తే, రెండేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడితేనే అనర్హత. శిక్షాకాలం మొత్తం, విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీ చేయకూడదు. 2013 జులై 10 దాకా పదవిలో ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉండేది. మూడు నెలల్లోగా అప్పీలు వేసుకుంటే పదవి పోయేది కాదు. లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాన్ని తిరిగి బతికించడానికి అప్పటి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సును సెప్టెంబరులో రాహుల్ గాంధీ విలేకరుల ముందే చించేయాలన్నారు. ఆర్డినెన్సు వెనక్కి వెళ్లింది.

రెండేళ్లు అనే ఆ గీత ఎంత పదునైందో తోట త్రిమూర్తులు కేసు చెబుతుంది. తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో దళిత యువకులకు శిరోముండనం చేసిన ఘటన అది. తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. అంటే 27 ఏళ్లు దాటాక. అప్పటికి ఆయన వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్సీ, మండపేట అసెంబ్లీ అభ్యర్థి. విశాఖ ఎస్సీ, ఎస్టీ కోర్టు ఆయనను దోషిగా తేల్చి 18 నెలల జైలు శిక్ష వేసింది. గీత 24 నెలల దగ్గర ఉంది కాబట్టి ఎమ్మెల్సీ పదవికి ఢోకా రాలేదు, పోటీకీ అడ్డు రాలేదు. ఆరు నెలల తేడాతో చట్టం పక్కకు తప్పుకుంది. మండపేట ఓటర్లు మాత్రం ఆయన్ను ఓడించారు.

శిక్ష దాకా ఆగుదాం, అప్పటిదాకా నిర్దోషే కదా అనేవాళ్లు ఈ 27 ఏళ్ల లెక్క ఒకసారి చూడాలి. ఓబుళాపురం గనుల మీద సీబీఐ కేసు 2009లో పెట్టారు. కింది కోర్టు తీర్పు 2025 మే 6న వచ్చింది. గాలి జనార్దనరెడ్డికి ఏడేళ్ల శిక్ష పడింది. మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డి నిర్దోషిగా బయటపడ్డారు. దోషికైనా నిర్దోషికైనా ఎదురుచూపు ఒక్కటే, 15 ఏళ్ల పైమాటే. అసెంబ్లీ పదవీకాలం ఐదేళ్లు. అంటే మూడు అసెంబ్లీలు వచ్చి పోతాయి.

ఈడీ కేసుల సంగతి మరీ విడ్డూరం. 2025 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ రాజ్యసభకు చెప్పిన లెక్క ప్రకారం, పదేళ్లలో ప్రజాప్రతినిధులు, మాజీలు, రాజకీయ నాయకుల మీద పెట్టిన కేసులు 193. అందులో శిక్ష పడినవి 2. మిగతా 191 తప్పుడు కేసులని దీనర్థం కాదు, నిజమైన కేసులనీ కాదు. అవి ఎటూ తేలకుండా ఉన్నాయనే అర్థం. తీర్పు దాకా ఆగాలనే నియమం ఇలాంటి చోట కాగితం మీద న్యాయంగా కనిపిస్తుంది, ఆచరణలో ‘ఎప్పటికీ వద్దు’ అన్నట్టే.

మరీ ముందే దించేస్తే?

అలాగని మొదటి మెట్టు దగ్గరే, ఎఫ్‌ఐఆర్ పడగానే దించేయాలంటే కుదురుతుందా? ఆంధ్రప్రదేశ్‌లో కుదరదు. 2024లో గెలిచిన ఎమ్మెల్యేల అఫిడవిట్లను ఏడీఆర్ సంస్థ వడగట్టి చూస్తే 138 మంది, అంటే 79 శాతం, తమ మీద క్రిమినల్ కేసులు ఉన్నాయని స్వయంగా రాసిచ్చారు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఈ శాతం లేదు. 2019 అసెంబ్లీలో అది 55. దేశం మొత్తం మీద సగటు 45. మంత్రుల మీద 2025లో అదే సంస్థ ఇచ్చిన నివేదికలో కేంద్రం, రాష్ట్రం కలిపి తెలుగుదేశం మంత్రులు 23 మందిలో 22 మందికి కేసులున్నాయి. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మీద 89, చంద్రబాబు మీద 19 అని ఆ సంస్థ లెక్క. ఎఫ్‌ఐఆరే కొలబద్ద అయితే మంత్రివర్గం కూర్చోవడానికి ఒక కుర్చీ చాలు.

ఐదేళ్లలో రాష్ట్రం నేరగాళ్ల చేతుల్లోకి పోయిందా? ఈ 55 నుంచి 79కి ఎగబాకడం వెనక ఉన్నది నేరం కంటే ఎక్కువగా రాజకీయం. 2019, 2024 మధ్య ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు రోడ్డెక్కిన ప్రతిసారీ ఒక కేసు పడింది. అనుమతి లేకుండా ధర్నా చేశారని, రాస్తారోకోతో దారి మూశారని, అధికారి ఉత్తర్వును ధిక్కరించారని పెట్టిన సెక్షన్లే అఫిడవిట్లలో పేజీల కొద్దీ కనిపిస్తాయి. అధికారం మారగానే అవతలి పక్షం వంతు వస్తుంది. అందుకే ఏడీఆర్ వేరేగా ఇచ్చే ‘తీవ్రమైన కేసుల’ లెక్క చూడటం మేలు. ఐదేళ్లకు తగ్గకుండా శిక్ష పడగల నేరాలు, హత్యాయత్నం, అపహరణ, అవినీతి, మహిళలపై నేరాలు లాంటివి అందులో ఉంటాయి. ఆ లెక్కన కూడా 98 మంది, 56 శాతం. ఇది కూడా ఎక్కువే, కానీ ఈ 98లోనూ ఎన్ని కేసుల్లో జడ్జి అభియోగాలు నమోదు చేశారన్నది ఆ శాతం చెప్పదు.

అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26ను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? స్టాంపు పేపరు మీద, నోటరీ ముద్రతో, ప్రతి పేజీ కిందా అభ్యర్థి సంతకంతో ఉంటుంది. రిటర్నింగ్ అధికారి దాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఆస్తులు, అప్పులు, బంగారం ఎన్ని గ్రాములు అన్న పేజీల దగ్గరే జనం గుమిగూడతారు. అంతకుముందు ఐదో అంశం దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషను పేరు, కోర్టు పేరు, సెక్షన్లు, నేరం గురించి రెండు ముక్కలు. ఆ తర్వాత ఒక చిన్న గడి: అభియోగాలు నమోదయ్యాయా? అవును, కాదు. అవునంటే ఏ తేదీన? పత్రికల్లో వచ్చే శాతాలన్నీ పై గడుల నుంచి వస్తాయి. తేడా తెలిసేది మాత్రం ఈ గడిలో.

31వ రోజు

2025 ఆగస్టు 20న కేంద్ర హోంమంత్రి అమిత్ షా లోక్‌సభలో 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. అది రెండో మెట్టును, అరెస్టును పట్టుకుంది. ఐదేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడగల నేరంలో అరెస్టయి, వరుసగా 30 రోజులు కస్టడీలో ఉంటే, ప్రధాని అయినా ముఖ్యమంత్రి అయినా మంత్రి అయినా 31వ రోజున పదవి వదలాలి. వదలకపోతే మర్నాటి నుంచి పదవి దానంతట అదే పోతుంది. విడుదలయ్యాక మళ్లీ ప్రమాణం చేయడానికి అడ్డు లేదు. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. లోక్‌సభలో 543 మందీ హాజరైతే రాజ్యాంగ సవరణకు 362 ఓట్లు కావాలి. 2024లో ఎన్డీయేకు వచ్చిన సీట్లు 293.

ఈ బిల్లుకు కారణమైన మనిషి ఎవరో అందరికీ తెలుసు. 2024 మార్చి 21న మద్యం కేసులో ఈడీ అరెస్టు చేసినా ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ రాజీనామా చేయలేదు. మధ్యలో ఎన్నికల ప్రచారానికి మే 10న మధ్యంతర బెయిల్ దొరికింది. జూన్ 2న తిరిగి జైలుకు వెళ్లారు. సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది, సచివాలయానికి వెళ్లకూడదని, ఫైళ్ల మీద సంతకాలు చేయకూడదనే షరతులు అంతకుముందు నుంచే ఉన్నాయి. 17న రాజీనామా చేశారు. మధ్యంతర బెయిల్ రోజులు తప్ప, అన్ని నెలలు దేశ రాజధానికి ఉన్న ముఖ్యమంత్రి జైలులో ఉన్న ముఖ్యమంత్రే. అదే ఏడాది జనవరి 31న జార్ఖండ్‌లో హేమంత్ సోరెన్ అరెస్టుకు ముందే రాజీనామా ఇచ్చి, బెయిల్ వచ్చాక జులై 4న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఒకే ఏజెన్సీ, ఒకే తరహా చట్టం, రెండు రకాల పద్ధతులు.

ఢిల్లీ కేసుకీ మనకీ ఏం సంబంధం అనుకోనక్కర్లేదు. 2024 మార్చి 28న కోర్టులో కేజ్రీవాల్ తన వాదన తానే వినిపించినప్పుడు ఆయన నోట వచ్చిన పేర్లలో ఒకటి ఒంగోలు ఎంపీ మాగుంట శ్రీనివాసులురెడ్డిది. ఆ కేసులో మాగుంట వాంగ్మూలం ఇచ్చారు. ఆయన కుమారుడు రాఘవను 2023 ఫిబ్రవరిలో ఈడీ అరెస్టు చేసింది, తర్వాత ఆయన అప్రూవరుగా మారారు. ఈ తండ్రీకొడుకుల వాంగ్మూలాల మీద ఆధారపడే తనను పట్టుకున్నారన్నది కేజ్రీవాల్ వాదన. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం మూడూ ఒంగోలు లోక్‌సభ కిందకే వస్తాయి. ఆ వాదనలు సాగిన రెండు నెలలకు మాగుంట తెలుగుదేశం తరఫున 50,199 ఓట్ల ఆధిక్యంతో మళ్లీ గెలిచారు. ఓడిన వైఎస్సార్‌సీపీ అభ్యర్థి చెవిరెడ్డి భాస్కర్‌రెడ్డి మరుసటి ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మద్యం కేసులో అరెస్టయ్యారు. ఒకరు సాక్షి, ఇంకొకరు నిందితుడు, రెండూ వేర్వేరు కేసులు, ఒకే గాటన కట్టకూడదు. కానీ నల్లమల అంచున ఉన్న ఓటరు చేతికి ఆ ఎన్నికలో వచ్చిన ప్రధాన పేర్లు రెండింటి మీదా మద్యం కేసుల నీడ ఉందన్నది మాత్రం నిజం.

30 రోజుల నియమానికి సమర్థకులు చెప్పే వాదన వినడానికి బాగుంటుంది. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనల ప్రకారం, గిద్దలూరు ఎంపీడీఓ ఆఫీసులో అటెండరు 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ఎవరూ సంతకం పెట్టే పని కూడా లేదు. అటెండరుకు 48 గంటలైతే మంత్రికి 720 గంటలిచ్చాం, ఇంకేం కావాలి అని వాళ్ల ప్రశ్న. ఇందులో ఒక మెలిక దాగి ఉంది. సస్పెండైన అటెండరు ఉద్యోగం పోదు. సగం జీతం లెక్కన జీవనభృతి వస్తుంది, నిర్దోషి అని తేలితే కుర్చీ ఆయనదే. మంత్రికి సస్పెన్షన్ అనే మధ్య దశే లేదు. ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. పైగా ముఖ్యమంత్రి పోతే ఆయనతో పాటు మంత్రివర్గమూ పోతుంది.

ఇంకో అంకె దీనికంటే ఇబ్బందికరం. అరెస్టు చేశాక ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు చట్టం ఇచ్చిన గడువు, నేరం తీవ్రతను బట్టి 60 రోజులు లేదా 90 రోజులు. అది దాటితే నిందితుడికి బెయిల్ హక్కుగా దొరుకుతుంది. అంటే 31వ రోజుకు కోర్టు ముందు ఛార్జిషీటు కూడా ఉండనవసరం లేదు. ఏం నేరం చేశాడో రాతపూర్వకంగా పూర్తిగా చెప్పడానికి ప్రభుత్వానికి ఇంకా నెలో రెండు నెలలో టైముంది, మంత్రి పదవి మాత్రం అప్పటికే పోయింది. ఈడీ కేసుల్లో అయితే బెయిల్ ఇవ్వడానికి కోర్టు ముందుగా నిందితుడు తప్పు చేయలేదని నమ్మాలి. ఆ చట్టం కింద 30 రోజులు ఇట్టే గడిచిపోతాయి.

‘వరుసగా’ అన్న ఒక్క మాట దగ్గర కూడా ఎంత తిరకాసు ఉందో చెప్పడానికి రేవంత్‌రెడ్డి పాత కేసు చాలు. ఓటుకు నోటు కేసులో 2015 మే 31న ఏసీబీ ఆయన్ను పట్టుకుంది. హైకోర్టు బెయిల్ ఇచ్చింది జూన్ 30న. పట్టుకున్న రోజుతో కలిపి లెక్కేస్తే ఆ రోజుకు 31. అప్పుడాయన ప్రతిపక్ష ఎమ్మెల్యే, మంత్రి కాదు. అయ్యుంటే, ఈ బిల్లు అప్పుడే చట్టమై ఉంటే, ఒక్క రోజు తేడాతో పదవి పోయేది. పోయేదా? జూన్ 11న కూతురి నిశ్చితార్థానికని కోర్టు ఆయన్ను 12 గంటలు బయటికి పంపింది. ఆ పూట వరుస తెగినట్టా, తెగనట్టా? లాయర్లకు నెలల తరబడి పని.

ఇప్పుడు తెలుగు నేల మీద జరిగిన పెద్ద అరెస్టులన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. జగన్, 2012 మే 27 నుంచి 2013 సెప్టెంబరు 24 దాకా, దాదాపు 16 నెలలు. అప్పుడు కడప ఎంపీ, అధికార పక్షానికి శత్రువు. రేవంత్‌రెడ్డి, 2015. చంద్రబాబు, 2023 సెప్టెంబరు 9న నల్లమలకు అవతల నంద్యాలలో అరెస్టయి, రాజమహేంద్రవరం జైలు నుంచి అక్టోబరు 31న మధ్యంతర బెయిల్‌పై విడుదల, 52 రోజులు. బీఆర్‌ఎస్ ఎమ్మెల్సీగా ఉన్న కవిత, 2024 మార్చి 15 నుంచి ఆగస్టు 27 దాకా, 165 రోజులు. రాజంపేట ఎంపీ మిథున్‌రెడ్డి, 2025 జులై 19 నుంచి సెప్టెంబరు 29న బెయిల్ వచ్చేదాకా, మధ్యలో ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయడానికి కొద్ది రోజుల విరామం. మోపిదేవి వెంకటరమణ, 2012 మే 24న జగన్ ఆస్తుల కేసుల్లో ఒకటైన వాన్‌పిక్ కేసులో.

ఈ ఆరుగురిలో అరెస్టు నాటికి మంత్రిగా ఉన్నది మోపిదేవి ఒక్కరే. ఆయన్ను పట్టుకున్నది రాష్ట్ర పోలీసులు కాదు, సీబీఐ. మిగతా ఐదుగురూ తమను అరెస్టు చేసిన ప్రభుత్వానికి ఎదుటి పక్షంలో ఉన్నవాళ్లు, బిల్లు పరిధిలోకే రారు. అసలు కీలకం ఇక్కడే ఉంది. రాష్ట్ర పోలీసులు సొంత ముఖ్యమంత్రి కింద పనిచేస్తారు. సొంత మంత్రిని పట్టుకెళ్లి నెలరోజులు లోపల ఉంచే సీఐడీని మనం చూడబోము. కాబట్టి 30 రోజుల నియమం రాష్ట్రంలో పదవిలో ఉన్నవాడి మీద పనిచేయాలంటే అరెస్టు చేసేది ఢిల్లీ ఏజెన్సీ అయి ఉండాలి. ఢిల్లీతో పొత్తులో ఉన్న ముఖ్యమంత్రికి దీంతో పని లేదు, పొత్తు తెగిన ముఖ్యమంత్రికి నిద్ర పట్టదు. నైతికత పేరుతో వచ్చిన నియమం చివరికి పొత్తుల లెక్కను బట్టి పనిచేస్తుంది. అందుకే అరెస్టును గీతగా పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ గీత గీసే పెన్సిలు కోర్టు చేతిలో లేదు.

సున్నా కేసులతో దిగినవాడు

పాతరోజుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లాలో కలిసేదాకా కర్నూలు జిల్లావి. ఆ కర్నూలు జిల్లాలోనే ప్రైవేటు బస్సు రూట్ల జాతీయీకరణ మీద 1964లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసొకటుంది. జిల్లా పడమటి సగంలోని రూట్లను ముందుకు జరిపి జాతీయం చేయడం వెనక ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజకీయ కక్ష ఉందని బస్సు యజమానుల ఆరోపణ. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి అఫిడవిట్ వేయలేదు. ఖండించని ఆరోపణను కోర్టు నిలబెట్టింది. అది క్రిమినల్ కేసు కాదు. ఎఫ్‌ఐఆర్ లేదు, అరెస్టు లేదు, అభియోగం లేదు. సంజీవరెడ్డి ఆ ఫిబ్రవరిలోనే రాజీనామా చేశారు. 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి కూడా అంతే. ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల మీద హైకోర్టు తప్పుపట్టాక దిగిపోయారు.

2012, 13 దాకా ఆ ఆనవాయితీ కొనప్రాణంతో బతికే ఉంది. అరెస్టయ్యాక మోపిదేవి రాజీనామా చేశారు. జగన్ ఆస్తుల కేసుల ఛార్జిషీట్లలో పేర్లు ఎక్కిన మంత్రులు ధర్మాన ప్రసాదరావు, సబితా ఇంద్రారెడ్డి కొంత ఊగిసలాట తర్వాత 2013 మేలో తప్పుకున్నారు. ఆ తర్వాతే అసలు మార్పు. 2019 జూన్ 8న సురేష్‌తో పాటు ప్రమాణం చేసినవారిలో మోపిదేవి ఉన్నారు, రేపల్లెలో ఓడిపోయినా సరే. సెప్టెంబరులో సబిత తెలంగాణలో విద్యామంత్రి అయ్యారు. 2022 ఏప్రిల్‌లో ధర్మాన రెవెన్యూ మంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి జగన్ మీదే 31 కేసులున్నాయని అఫిడవిట్ చెబుతుంటే, మంత్రుల మాట ఎవరెత్తుతారు? అప్పుడు రాజీనామా చేయించిన కారణం ఆరేడేళ్లలో కారణమే కాకుండా పోయింది. మంత్రుల విషయంలో చట్టం ఒక్క అక్షరం మారలేదు. మారింది సిగ్గుపడే అలవాటు.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని ఆ అలవాటుకే వదిలేసింది. 2014 ఆగస్టు 27న మనోజ్ నరూలా కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, తీవ్ర నేరాల్లో అభియోగాలు ఎదుర్కొంటున్నవారిని మంత్రులుగా తీసుకోవాలో వద్దో ప్రధాని, ముఖ్యమంత్రుల విజ్ఞతకే విడిచిపెట్టింది. తీసుకోరాదన్న ఆశ మాత్రం వ్యక్తం చేసింది. 2018 సెప్టెంబరు 25న మరో తీర్పులో అభియోగాల దశలో అనర్హత వేటు వేయడం తమ పని కాదని, పార్లమెంటే చట్టం చేయాలని చెప్పింది. 2024 జులై 12న కేజ్రీవాల్ విషయంలోనూ ఎన్నికైన నాయకుణ్ని దిగమని ఆదేశించలేమని ఆయనకే వదిలింది. పదేళ్లలో మూడుసార్లు బంతి అవతలికి కొట్టింది.

నా మటుకు గీత ఉండాల్సింది నాలుగో మెట్టు దగ్గర, అభియోగాల నమోదు దగ్గర. అక్కడే మొదటిసారిగా పోలీసు కాని వ్యక్తి, ఒక జడ్జి, కాగితాలు చూసి ఇందులో పస ఉంది, విచారణ జరగాలి అని సంతకం పెడతారు. ఇది కొత్త ఆలోచన కాదు. జస్టిస్ ఏపీ షా నేతృత్వంలోని లా కమిషన్ 2014 ఫిబ్రవరిలో ఇచ్చిన 244వ నివేదికలో ఐదేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాలకు ఈ దశలోనే అనర్హత ఉండాలని చెప్పింది. తప్పుడు కేసుల భయానికి విరుగుడుగా ఒక అంకె కూడా చేర్చింది. నామినేషన్ల పరిశీలనకు ముందు ఏడాది లోపు పెట్టిన ఛార్జిషీట్లను లెక్కలోకి తీసుకోవద్దని. ఎన్నికల ముంగిట హడావిడిగా పుట్టే కేసులన్నీ దాంతో రాలిపోతాయి. కమిషన్ పోటీకే అడ్డు వేయమంది. నేను అంత దూరం పోను. ఎమ్మెల్యే, ఎంపీ పదవి ఓటర్లది, అది తీర్పు దాకా ఉండనివ్వొచ్చు. మంత్రి పదవి ముఖ్యమంత్రి ఇచ్చేది, పోలీసుల మీదా ఫైళ్ల మీదా అధికారం ఉండేది. తన కేసు నడిపే ప్రభుత్వంలో తానే ఉండటం అన్నదే అసలు తకరారు. దాన్ని తప్పించడానికి మంత్రి కుర్చీ వదిలితే చాలు.

ఈ కొలతతో చూస్తే సురేష్ విషయం ఎలా తేలుతుంది? 2021 అక్టోబరు దాకా ఆయన కేసు ఎఫ్‌ఐఆర్ మీద కోర్టుల్లో నలుగుతున్న దశలోనే ఉంది. కాబట్టి అప్పటికి దిగనవసరం లేదు. చాలామందికి ఈ జవాబు రుచించకపోవచ్చు. కానీ నచ్చనివాడికి ఒకటి, నచ్చినవాడికి ఒకటి అయితే అది కొలత కాదు. అదే కొలత 2019 నాటి, 2024 నాటి మంత్రివర్గాల్లో వేరే కొందరిని దింపుతుంది. ఎవరిని అన్నది ఫారం 26లోని ఆ చిన్న గడి చూస్తే తెలుస్తుంది.

ఓటరే తీర్పరి అంటే

చివరికి మిగిలే వాదన ఒకటుంది. అన్నిటికీ ప్రజాకోర్టు ఉంది కదా అంటారు. గిద్దలూరు వాళ్లను తక్కువ అంచనా వేయకూడదు, నిజమే. 2019లో అన్నా రాంబాబును 81,035 ఓట్ల మెజారిటీతో గెలిపించారు. 2024లో ఆయన పార్టీ వైఎస్సార్‌సీపీనే ఓడించి, తెలుగుదేశానికి చెందిన ముత్తుముల అశోక్‌రెడ్డిని 973 ఓట్లతో గట్టెక్కించారు. గాలి మారితే ఇక్కడ లెక్కలు ఎంత వేగంగా తిరగబడతాయో ఈ రెండు అంకెలే చెబుతాయి.

కానీ 2024లో పశ్చిమ ప్రకాశంలో జరిగింది ఇంకోటి గమనించాలి. వైఎస్సార్‌సీపీ తన ముగ్గురు ఎమ్మెల్యేలనూ చోట్లు మార్చింది. గిద్దలూరు రాంబాబు మార్కాపురానికి, మార్కాపురం నాగార్జునరెడ్డి గిద్దలూరుకు, యర్రగొండపాలెం మంత్రి సురేష్ కొండపికి వెళ్లారు. ముగ్గురూ ఓడారు. ఐదేళ్లు తమ పక్షాన మంత్రిగా ఉన్న మనిషిని, కేసు సంగతి తెలిసీ ఎన్నుకున్న మనిషిని, మళ్లీ ఎన్నుకోవాలా వద్దా అని చెప్పే అవకాశం యర్రగొండపాలెం ఓటరుకు రాలేదు. అక్కడ ఆ పార్టీ కొత్త అభ్యర్థి తాటిపర్తి చంద్రశేఖర్ గెలిచారు. కొండపి వాళ్లు ఇచ్చిన తీర్పు కేసు మీదా, వలస వచ్చిన అభ్యర్థి మీదా, ప్రభుత్వం మీదా అంటే ఎవరూ విడదీసి చెప్పలేరు. ఐదేళ్లకోసారి కూర్చునే కోర్టులో ముద్దాయే వేరే కోర్టుకు బదిలీ అయితే తీర్పు ఎక్కడిది?

అభియోగాల దశలో తప్పుకోవాలన్న నియమానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. ముఖ్యమంత్రి మంత్రివర్గం కూర్చేటప్పుడు ఒక మాట అనుకుంటే చాలు, మనోజ్ నరూలా తీర్పు ఆ చోటు ఆయనకే వదిలింది. అఫిడవిట్ ఎన్నికలప్పుడు ఒక్కసారే ఇస్తారు, మధ్యలో కేసు మెట్టు మారితే చెప్పే పని లేదు. ఆ లోటునూ ఒక ఉత్తర్వుతో పూడ్చొచ్చు.

ఈలోగా అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరి ఫోనులోనైనా తెరుచుకుంటాయి. కేసులున్న అభ్యర్థి పత్రికల్లో మూడుసార్లు ప్రకటన ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. ఫలానా నాయకుడి మీద ఎన్ని కేసులు అన్న పై అంకెను వదిలేసి, ఐదో అంశం కింద ఆ ‘అవును, కాదు’ గడి దగ్గర ఆగండి. అవును అని ఉంటే పక్కన తేదీ ఉంటుంది. ఆ తేదీకీ, ఆయన మంత్రిగా ప్రమాణం చేసిన తేదీకీ మధ్య ఎన్నాళ్లున్నాయో వేళ్ల మీద లెక్క పెట్టుకోవచ్చు.